ఇంటిగుట్టు దెయ్యాలు

దెయ్యాల కథలు రెండు రకాలు. మొదటి రకంలో దెయ్యం ఊరి చివర చింతచెట్టు మీదో, పాడుపడ్డ బంగళాలోనో కాపురం వుంటుంది. దాని జోలికి మనం పోకపోతే మన జోలికి అది రాదు. రెండో రకం దెయ్యానికి మన ఇంటి చిరునామా తెలుసు. ఆ మాటకొస్తే అది మనతోబాటే కూర్చుని అన్నం తింటూ వుంటుంది, పండక్కి తీయించుకున్న ఫోటోలో మన పక్కనే నవ్వుతూ నిలబడి వుంటుంది. మొదటి రకం కథ చదివితే ఆ రాత్రికి దీపం తీయడానికి భయం వేస్తుంది. రెండో రకం చదివితే మర్నాడు పొద్దున్న కాఫీ కలుపుతూ కూడా ఏదో గుర్తుకొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ రాసిన వాటిల్లో నాకు నచ్చిన నవలలన్నీ ఈ రెండో రకానివే. ఆయన మొదటి నవల ‘క్యారీ’ 1974లో అచ్చయింది. ఇప్పటికి నవలలే అరవై దాటాయి. సినిమాలుగా వచ్చినవాటిని లెక్కపెట్టడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. డెబ్భై అయిదేళ్ళు దాటాక కూడా ఆయన కలం ఆగలేదు.

నేను బి.ఏ. చదివేటప్పుడు మా ఇంగ్లీషు పాఠాల్లో జేన్ ఆస్టిన్, థామస్ హార్డీ వుండేవారు. కింగ్ మాత్రం అద్దెపుస్తకాల షాపులో, అట్ట చిరిగి, దారంతో కుట్టించుకుని వుండేవాడు. పాఠ్యపుస్తకాన్ని బల్లమీద పెట్టుకుని చదివేవాళ్ళం, ఈయన్ని దిండుకింద పెట్టుకుని చదివేవాళ్ళం. “నీకీ దిక్కుమాలిన పుస్తకాలెందుకే?” అని పెద్దవాళ్ళు అడిగితే చెప్పడానికి అప్పట్లో జవాబు వుండేది కాదు. ఇప్పుడు వుంది. ఆ జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

మన కథల్లో భయం ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి ఆలోచించండి. చేతబడి కథ తీసుకోండి. ఎవరో కిట్టనివాడు మాంత్రికుడి దగ్గరికి వెడతాడు, నిమ్మకాయో బొమ్మో తయారవుతుంది, పాపం పుణ్యం ఎరగని పిల్ల మంచాన పడుతుంది. యండమూరి ‘తులసిదళం’ని మా అమ్మ తరం వారపత్రికలో వారం వారం వణుకుతూ చదివితే, మా తరం బైండు పుస్తకంలో ఒక్క రాత్రిలో వణుకుతూ చదివింది. అలాంటి కథల్లో ఇల్లు మంచిది, కీడు బయటినుంచి వస్తుంది. చదివేవాళ్ళకి అందులో ఒక ఊరట కూడా వుంది. తప్పు మనది కాదు, ఎవరో చేయించారు.

కింగ్ ఆ ఊరటని లాగేసుకుంటాడు. ఆయన నవలల్లో దయ్యమూ వుంటుంది, శపించబడిన నేలా వుంటుంది, కాదనను. కానీ అవేవీ తలుపులు బద్దలుకొట్టుకుని రావు. లోపలివాళ్ళు తెరిచిపెట్టిన తలుపులోంచే వస్తాయి. ఆ తలుపు ఏమిటంటే, ఆ ఇంట్లో అందరికీ తెలిసి కూడా ఎవరూ నోరెత్తని విషయం. మన తెలుగులో దానికి చక్కని మాట వుంది, ఇంటిగుట్టు. కింగ్ నవలల్లో దయ్యాలు తినేది రక్తమాంసాలు కాదు, ఇంటిగుట్టుని. నా మాట నమ్మబుద్ధి కాకపోతే ఒక్కొక్క నవలే తీసి చూద్దాం రండి.

ముందు ఆయన ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి. కింగ్ 1947లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో పుట్టాడు. ఆయనకి రెండేళ్ళప్పుడు తండ్రి సిగరెట్లు కొనుక్కొస్తానని గడపదాటి మళ్ళీ రాలేదు. తల్లి రూత్ దొరికిన పనల్లా చేసి ఇద్దరు మగపిల్లల్ని పెంచింది. చదువయ్యాక ఈయనకి వెంటనే పంతులు ఉద్యోగం దొరకలేదు. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ బల్లగుడ్డలూ ఉతికే లాండ్రీలో పనిచేశాడు. తర్వాత బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. భార్య టబిత డోనట్లు అమ్మే దుకాణంలో పనిచేసేది. ఇద్దరు చంటిపిల్లలు, ట్రెయిలర్ ఇల్లు. ఖర్చు తగ్గించుకోవడానికి టెలిఫోన్ కూడా తీయించేశారు.

ఆ రోజుల్లో ఆయన ఒక ఆడపిల్ల కథ మొదలుపెట్టి, మూడు పేజీలు రాసి, బాగాలేదని ఉండచుట్టి చెత్తబుట్టలో పారేశాడు. టబిత ఆ ఉండలు తీసి, సిగరెట్ నుసి దులిపి, సాపుచేసి చదివింది. “తర్వాత ఏమవుతుందో నాకు తెలుసుకోవాలని వుంది, రాయండి. ఆడపిల్లల సంగతులు మీకు తెలియకపోతే నేను చెబుతాను” అనే అర్థం వచ్చేలా చెప్పింది. అదే ‘క్యారీ’. ప్రచురణకర్తలు ముందుగా ఇచ్చినది 2,500 డాలర్లు. ఆ తర్వాత పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి, అందులో సగం ఆయనది. ఆ కబురు తెలిసిన రోజున ఇంట్లో ఒక్కడే వున్నాడట. భార్యకి ఏదైనా కొనాలని బజారుకి పరుగెత్తి, తోచక తోచక, జుట్టు ఆరబెట్టుకునే మిషన్ ఒకటి కొనుక్కొచ్చాడట. ఈ సంగతులన్నీ 2000లో వచ్చిన ‘ఆన్ రైటింగ్’ అనే పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

ఇంతకీ క్యారీ ఎవరు? పదహారేళ్ళ పిల్ల. బడిలో ఆటలయ్యాక స్నానాల గదిలో వుండగా మొదటిసారి పెద్దమనిషవుతుంది. అదేమిటో ఆ పిల్లకి తెలీదు. చచ్చిపోతున్నాననుకుని కేకలు పెడుతుంది. తోటి ఆడపిల్లలు నవ్వుతారు, ఆమె మీద గుడ్డలు విసురుతారు. ఏడుస్తూ ఇంటికి వస్తే, తల్లి దగ్గరికి తీసుకోవడానికి బదులు పాపిష్ఠిదానా అంటుంది. ఆడదాని శరీరమే పాపమని నమ్మిన తల్లి ఆమె. కూతుర్ని చీకటి గదిలో పెట్టి గొళ్ళెం వేసి ప్రార్థన చేయమంటుంది. క్యారీకి చూపుతోనే వస్తువుల్ని కదిల్చే శక్తి వుంది, చివర్లో ఆ శక్తి ఊరిని తగలబెడుతుంది. సినిమా చూసినవాళ్ళకి గుర్తుండేది ఆ మంటలే. నాకు మాత్రం గుర్తుండేది స్నానాలగదిలో ఆ పిల్ల కేక. తల్లి ఒక్క పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని చెప్పవలసిన మాట చెప్పివుంటే ఆ కేక వుండేది కాదు. ఆ విషయం చెప్పకుండా పిల్లల్ని పెంచే ఇళ్ళు ఒక్క అమెరికాలోనే వున్నాయంటారా? ఇక్కడ ఆడపిల్లలున్న తల్లులు ఈ నవల చదివితే భయపడేది దయ్యానికి కాదు.

‘ద షైనింగ్’ 1977లో వచ్చింది. జాక్ టారెన్స్ చదువుకున్నవాడు, రచయిత కావాలనుకుంటున్నవాడు. తాగుడుంది, కోపముంది. తాగిన మైకంలో ఒకసారి చిన్నకొడుకు చెయ్యి విరగ్గొట్టాడు. తర్వాత తాగుడు మానేశాడు గానీ, ఒక విద్యార్థిని కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇక మిగిలింది కొలరాడో కొండల్లో చలికాలమంతా మూసివుండే ఒక పెద్ద హోటల్‌కి కాపలా పని. మంచు పడితే నెలల తరబడి దారి మూసుకుపోతుంది. భార్య వెండీ, అయిదేళ్ళ డానీ, తను. కింగ్ 1974లో భార్యతో కలిసి ఎస్టెస్ పార్క్‌లోని స్టాన్లీ హోటల్‌లో, సీజన్ అయిపోయి హోటల్ ఖాళీ అవుతున్న సమయంలో బసచేసినప్పుడు పుట్టిన కథ ఇది.

ఈ నవలలో ఆ హోటల్ దయ్యాలకన్నా నన్ను భయపెట్టినది ఆ విరిగిన చెయ్యి. ముగ్గురికీ అది గుర్తే. భర్త గొంతు కాస్త పెరిగినా భార్య కళ్ళు కొడుకు చేతి వైపు పోతాయి. ఆమె చూపు ఎక్కడికి పోయిందో భర్త గమనిస్తాడు. నన్నింకా నమ్మటంలేదన్నమాట అని లోపల్లోపల ఉడికిపోతాడు. ఆ మాట పైకి ఎవరూ అనరు. హోటల్ అడుగున ఒక పాత బాయిలర్ వుంది, రోజూ ఆవిరి వదలకపోతే పేలిపోతుంది. ఇంతకంటే తేటగా కాపురం సంగతి ఎవరు చెప్పగలరు? రోజూ కాస్త కాస్త వదలవలసిన ఆవిరిని వదలకుండా బిగబట్టుకున్న ఇల్లు అది.

1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన సినిమా లోకప్రసిద్ధం. కానీ కింగ్‌కి నచ్చలేదు, ఆ మాట ఆయన దాచుకోలేదు. సినిమాలో జాక్ మొదటి దృశ్యంనుంచే పిచ్చివాడిలా కనిపిస్తాడని ఆయన బాధ. ఇదేదో రచయితల అలక అని కొందరు కొట్టిపారేశారు గానీ, ఆ బాధలో న్యాయం వుంది. నవలలో జాక్ మంచివాడు. కొడుకుని ప్రేమిస్తాడు. చివరి క్షణంలో దయ్యాన్ని తోసుకుని పైకొచ్చి, కొడుకుని పారిపొమ్మంటాడు. సినిమాలో అది లేదు. పిచ్చివాడు గొడ్డలి పట్టుకుంటే మనకి ప్రాణభయం, అంతే. మంచి తండ్రి పట్టుకుంటే వేరే భయం. మొదటిదానికి పోలీసులున్నారు. రెండోదానికి ఎవరున్నారు?

ఆ నవల రాస్తున్నప్పుడు తన గురించే రాసుకుంటున్నానని కింగ్‌కి తెలియదట! అప్పటికే ఆయన తాగుడుకి బానిస. తర్వాత కొకెయిన్ కూడా తోడైంది. 1980ల రెండో సగంలో టబిత ఒకనాడు పిల్లల్నీ స్నేహితుల్నీ కూచోబెట్టి, ఆయన రాసుకునే గదిలోంచి ఏరి తెచ్చిన బీరు డబ్బాలూ, మత్తుమందు సీసాలూ, మాత్రలూ అన్నీ సంచీతో తెచ్చి తివాచీ మీద కుమ్మరించింది. బాగుపడతావా, బయటికి పోతావా తేల్చుకోమంది. చెత్తబుట్టలోంచి తీసి ఆయన్ని రచయితని చేసిన చెయ్యే, చెత్తంతా తెచ్చి ఆయన ముందు పోసింది. ఇంటిగుట్టుని నడిగదిలో కుమ్మరించిన ఇల్లాలు ఆమె. కుమ్మరించబట్టే ఆ ఇల్లు నిలిచింది. చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, కింగ్ ‘డాక్టర్ స్లీప్’ రాశాడు. అందులో డానీ పెద్దవాడై, తండ్రిలాగే తాగుబోతై, తాగుడు మాన్పించే సమావేశాలకి వెడుతూ బాగుపడతాడు. కానీ ఒక పాత సిగ్గుమాలిన పని మాత్రం గుండెల్లో ముల్లులా దాచుకుంటాడు. పదిమంది ముందూ నోరువిప్పి ఆ సంగతి చెప్పిన రోజున ఏమవుతుంది? కొంపలేమీ మునగవు. ఆ చిన్న సన్నివేశంలో ఒక్క దయ్యం లేదు. నాకు ఆ నవల్లో అన్నింటికన్నా నచ్చిన చోటు అదే.

‘పెట్ సెమెటరీ’ గురించి చెప్పాలంటే కొంచెం ధైర్యం కావాలి. లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన ఇల్లు. కూతురు పెంచుకునే పిల్లి ఆ రోడ్డుమీద చచ్చిపోతుంది. ఊరివెనక అడవిలో ఒక నేలవుంది, పాతిపెట్టినవాటిని తిరిగి పంపుతుంది, కానీ పంపేది పూర్వపు ప్రాణిని కాదు. ఆ తర్వాత అదే రోడ్డు మీద చంటిపిల్లాడు. తండ్రి డాక్టరు. మరణం అంటే ఏమిటో శాస్త్రం చదువుకున్నవాడు. అయినా ఆ రాత్రి పార పట్టుకుని శ్మశానానికి వెడతాడు. కింగ్ కుటుంబం అలాంటి రోడ్డు పక్కనే ఒకప్పుడు అద్దెకుంది, వాళ్ళ అమ్మాయి పిల్లి అక్కడే చచ్చిపోయింది, కొడుకు రోడ్డుమీదికి పరుగెత్తబోతే గండం తప్పింది. ఆ తప్పిన గండాన్ని తప్పనివ్వకుండా ఊహించి రాసిన నవల ఇది. రాశాక ఆయనకే భయంవేసి పక్కన పడేశాడు. పాత ప్రచురణకర్తలతో ఒప్పందం తీర్చుకోవలసి వచ్చి 1983లో బయటపెట్టాడు.

ఇందులో ఇంటిగుట్టు ఏమిటంటే చావే. భార్య రేచల్ చిన్నప్పుడు, జబ్బుపడి వంకరలు తిరిగిపోయిన అక్కని ఇంట్లో వెనకగదిలో దాచి వుంచారు. ఆ అక్క పోయిన రోజున ఇంట్లో వున్నది ఈ చిన్నపిల్ల ఒక్కతే. అప్పట్నుంచి ఆమె దగ్గర చావు మాట ఎత్తకూడదు. కూతురు పిల్లి గురించి అడిగితే తండ్రి జవాబు చెప్పబోతాడు, తల్లి గొడవ పెట్టుకుంటుంది. మన దగ్గర పదకొండోరోజనీ, సంవత్సరీకమనీ నలుగురూ చేరి, పోయినవాళ్ళ మాట చెప్పుకుని ఏడవడానికి ఒక పద్ధతి పెట్టారు పెద్దలు. అవి వట్టి తంతులనుకునేవాళ్ళు ఈ నవల చదవాలి. ఏడవడం తెలియని ఇల్లు ఏం చేస్తుందో ఇందులో వుంది.

ఇక ‘మిజరీ’. 1987. దీని గురించి నేను కాస్త ఎక్కువ మాట్లాడితే మన్నించండి, ఇది మా వృత్తి మీద రాసిన నవల. పాల్ షెల్డన్ అనే రచయిత మిజరీ అనే నాయికతో వరసగా నవలలు రాసి డబ్బూ పేరూ గడిస్తాడు. విసుగెత్తి చివరి నవల్లో ఆమెని చంపేస్తాడు. మంచులో కారు ప్రమాదం జరిగి, కాళ్ళు విరిగి, కళ్ళు తెరిచేసరికి యానీ విల్క్స్ అనే మాజీ నర్సు ఇంట్లో మంచం మీద వుంటాడు. యానీ ఆయనకి అందరికంటే పెద్ద అభిమాని. మిజరీ చచ్చిపోయిందని చదివాక ఆమె అభిమానం ఏ రూపం ధరించిందో చెప్పను. “బతికించు” అంటుంది, అంతే. ‘ఎన్’ అక్షరం ఊడిపోయిన పాత టైపుమిషన్ తెచ్చి ముందు పెడుతుంది.

సీరియల్ రాసిన ఏ రచయిత్రి అయినా ఇది చదివి నవ్వుతుంది, నవ్వి ఆగిపోతుంది. నా సీరియల్ ఒకటి వస్తున్నప్పుడు నాయికకి జబ్బని తెలిసిన వారంనుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. “అమ్మా, ఆ అమ్మాయిని చంపకండి, మా అత్తగారు కూడా అదే అంటున్నారు” అని ఒకావిడ రాశారు. ఇంకొకావిడ ఏకంగా మంచి డాక్టరు పేరు సూచించారు! ఆ ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా వున్నాయి. అందుకే యానీని వట్టి పిచ్చిదానిగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. కింగ్ కూడా కొట్టిపారేయలేదు. పాల్ మొదట ప్రాణభయంతో ఏదో కలిపికొట్టి నాయికని బతికిస్తే, యానీ ఆ కాగితాలు తిప్పికొడుతుంది. ఇది మోసం, కిందటి పుస్తకంలో జరిగినదాన్ని జరగలేదన్నట్టు రాస్తే ఎలా అంటుంది. చిన్నప్పుడు చూసిన సీరియల్ సినిమాల్లో, పోయిన వారం కారుతోపాటు లోయలో పడ్డ హీరో ఈ వారం ముందే దూకేసినట్టు చూపిస్తే తను హాల్లో లేచి కేకలు పెట్టానంటుంది. ఆమె చేతిలో గొడ్డలి వుండవచ్చు గాక, ఆ మాటమాత్రం అక్షరాలా నిజం. సీరియల్ రాసే మాబోటివాళ్ళం గోడకి తగిలించుకోవలసిన మాట.

ఇంకో చిత్రం. ఆమె చెరలో రాసిన నవలే తన నవలల్లో మంచిదని పాల్‌కే అనిపిస్తుంది. అది ఒప్పుకోవడానికి ఏ రచయితకైనా సిగ్గేస్తుంది. మత్తుమందుకి మారుపేరుగా యానీని సృష్టించానని తర్వాత కింగే చెప్పుకున్నాడు. ఇంట్లో చెప్పుకోలేని గుట్టుని అచ్చులో చెప్పుకున్నాడన్నమాట. లక్షలమంది చదివారు, ఎవరూ పోల్చుకోలేదు. నవలారచనలో వున్న సౌకర్యమూ, దుఃఖమూ రెండూ ఇదే.

ఆడవాళ్ళెవరైనా కింగ్‌ని ఒక్క నవలే చదువుతామంటే నేను చేతిలో పెట్టేది ‘డోలొరెస్ క్లైబోర్న్’. 1992లో వచ్చింది, తల్లి రూత్‌కి అంకితమిచ్చాడు. ఇందులో అధ్యాయాలు లేవు. అరవై దాటిన పనిమనిషి డోలొరెస్ పోలీసుల ముందు కూచుని, మొదట్నుంచి చివరిదాకా ఒక్క గుక్కలో తన కథ చెబుతుంది. తన యజమానురాలిని తను చంపలేదని, కానీ ముప్ఫయ్యేళ్ళ కిందట, 1963లో సూర్యగ్రహణం నాడు, మొగుణ్ణి చంపిన మాట నిజమేననీ చెబుతుంది. ఎందుకు చంపింది? అతను తన్నినందుకు కాదు, అది ఆమే ఆపించుకుంది. కన్నకూతురిని అతను ఏంచేస్తున్నాడో తెలిసినందుకు.

ఒళ్ళు జలదరించే చోటు ఆ పాడుబడ్డ బావి దగ్గర కాదు, బ్యాంకులో వుంది. పిల్లల్ని తీసుకుని పారిపోదామని, వాళ్ళ చదువులకోసం చెమటోడ్చి దాచిన డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకి వెడుతుంది. డబ్బు లేదు. పాస్‌బుక్కులు పోయాయని చెప్పి మొగుడు మొత్తం లాగేసుకున్నాడు. బ్యాంకువాళ్ళు ఆమెకి ఒక్కమాట చెప్పలేదు. అదే నేను వచ్చి నా మొగుడి డబ్బు అడిగివుంటే, ఇచ్చేముందు ఆయనకి ఫోన్ చేసి వుండేవారు కాదా అని అడుగుతుంది. మేనేజరు దగ్గర జవాబు లేదు. దయ్యం లేదు, చీకటి లేదు, పట్టపగలు, గుమాస్తాలు, కౌంటరు. నాకు చేతులు చల్లబడ్డాయి. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మనకి ఉగ్గుపాలతో నేర్పుతారు. గుట్టు బయటపెడితే ఇల్లు చెడుతుందని దాని భావం. ఈ నవల చదివాక నాకు అనిపించింది, చేటు వచ్చింది లంకకే గదా! చెడవలసిన లంకలు కూడా కొన్ని వుంటాయి. నా కథల్లో ఇలాంటి సంగతులు వచ్చినప్పుడల్లా “పరువుగల ఆడవాళ్ళు రాసే విషయాలేనా అమ్మా ఇవి?” అని అడిగే పెద్దలకి నేను చెప్పేది కూడా ఇదే.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే నన్ను కూడా యానీతో జమకడతారు. కింగ్‌కి క్లుప్తత తెలియదు. 1986లో వచ్చిన ‘ఇట్’ వెయ్యి పేజీలు దాటింది. మూడొందల పేజీలు తీసేస్తే దయ్యానికేమీ నష్టం లేదు. భయం పుట్టించడంలో చూపిన ఓపిక ముగింపులో చూపడు, పెద్ద మంటో పేలుడో తెప్పించి చేతులు దులుపుకుంటాడు. భక్తి అనగానే ఆయనకి ఉన్మాదమే గుర్తొస్తుంది, క్యారీ తల్లికి ఒక్క మంచి క్షణమైనా ఇవ్వలేదు. నల్లజాతివాళ్ళు ఆయన కథల్లో తరచు తెల్లవాళ్ళని కాపాడడానికే పుట్టినట్టు వుంటారన్న విమర్శ కూడా నిజమే. ‘కూజో’ 1981లో వచ్చింది. పిచ్చికుక్క కాపలాలో, ఎండలో కారులో చిక్కుకున్న తల్లీబిడ్డల కథ. ఊపిరాడనివ్వదు. కానీ అంతకు ముందు ఆ తల్లి పరాయి మగాడి వైపు మనసు పోగొట్టుకుందని చెప్పి, చివరికి బిడ్డని చంపేసేసరికి, శిక్ష ఎవరికి పడిందని అడగాలనిపిస్తుంది. ఆ నవల రాసినట్టే తనకి సరిగా గుర్తులేదని, అంత తాగుడులో వున్నానని రచయితే అన్నాడు. రచయితకి గుర్తులేకపోయినా బిడ్డని పోగొట్టుకున్న ఆ తల్లి పాఠకురాలికి గుర్తుంటుంది.

అయితే ఒక్కటి చెప్పాలి. భయంతో వ్యాపారం చేసేవాడికి బాధ్యత వుండదనుకుంటాం. 1977లో ఈయన రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో ‘రేజ్’ అనే నవల ప్రచురించాడు, బడిలో తుపాకి పట్టిన కుర్రవాడి కథ. 1997లో కెంటకీ రాష్ట్రంలో బడిలో కాల్పులు జరిపిన ఒక కుర్రాడి దగ్గర ఆ పుస్తకం వుందని తెలిశాక, దాన్ని ఇక అచ్చువేయవద్దని తనే ఆపించేశాడు. పుస్తకం చదివి హంతకులవుతారని ఆయన నమ్మాడని కాదు. మండుతున్న ఇంటి పక్కన అగ్గిపెట్టె పెట్టడం ఎందుకనుకున్నాడు. తమ పుస్తకాన్ని తామే ఆపుకున్న రచయితలు ఎంతమంది వుంటారు?

2003లో అమెరికా నేషనల్ బుక్ ఫౌండేషన్ ఆయనకి సాహిత్యసేవకుగాను పతకం ఇచ్చినప్పుడు హెరాల్డ్ బ్లూమ్ అనే మహావిమర్శకుడు మండిపడ్డాడు. ఇది సాహిత్యమే కాదన్నాడు. మనకిది కొత్త గొడవ కాదు. వారపత్రిక సీరియళ్ళనీ, అందులోనూ ఆడవాళ్ళు రాసినవాటినీ, ఇలాగే పక్కకి తోసేసిన విమర్శకులు మనకీ వున్నారు. బ్లూమ్ చదువుతో పోటీపడే స్తోమత నాకు లేదు. కానీ నేనడిగేది ఒక్కటే. తాగివచ్చిన మొగుడి చెప్పుల చప్పుడు బట్టి, ఇవాళ అతను ఎలా వున్నాడో లెక్కకట్టే ఇల్లాలి భయాన్ని ఇంత తెలిసి రాసిన గొప్పసాహిత్యం ఎంతుంది? వుంటే చూపించమనండి, నెత్తిన పెట్టుకుంటాను.

కింగ్ రాసుకునే బల్ల సంగతి చెప్పి ముగిస్తాను. పేరొచ్చాక ఆయన పెద్ద ఓకు కర్ర బల్ల చేయించి గది నట్టనడుమ వేయించుకున్నాడు. ఆరేళ్ళపాటు దాని వెనక మత్తులో కూచున్నాడు. బాగుపడ్డాక దాన్ని తీయించేసి, ఆ గదిలో సోఫాలు వేయించి, అందులో సగం వుండే బల్ల ఒకటి ఓ మూల, చూరుకింద వేసుకున్నాడు. సాయంత్రాలు పిల్లలు వచ్చి అక్కడ కూచుని సినిమాలు చూసేవారట. నట్టింట్లో బల్ల వేసుకుంటే రచన గొప్పదవదని తెలుసుకోవడానికి ఆయనకి అన్నేళ్ళు పట్టింది. మాలాంటివాళ్ళకి ఆ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. మేము మొదట్నుంచీ మూలనే కూచుని, కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ రాస్తున్నాం. ఆ మూలనుంచి చూస్తే ఇల్లంతా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరు ఏం దాచుకుంటున్నారో కూడా కనిపిస్తుంది.